డబ్బుంది, ఎంబ్రియోలున్నాయి, అయినా ఆపేశాం

గోల్డ్ లోన్ కౌంటర్‌లో కూర్చునేవాళ్ళకి మనుషుల పేర్లు గుర్తుండవు, నగలు గుర్తుంటాయి. నాకు ఒక రెండు పేటల గొలుసు అలా గుర్తుండిపోయింది. ఏడాదిన్నరలో మూడుసార్లు మా బ్రాంచికి వచ్చింది. మొదటిసారి దాంతోపాటు నాలుగు గాజులు కూడా వచ్చాయి. రెండోసారి గొలుసు, ఒక ఉంగరం. మూడోసారి గొలుసు ఒక్కటే.

ఆ మూడోసారి, అప్రైజర్ గొలుసుని గీటురాయి మీద గీసి, తూకం వేసి, కాగితం నా వైపు జరిపాడు. ఫారంలో లోన్ దేనికో రాసే గడి ఖాళీగా ఉంది. "ఏం రాయమంటావమ్మా?" అని అడిగాను. ఆమెకి 33, 34 ఏళ్ళుంటాయి. చుట్టూ చూసి, కౌంటర్ మీదకి వంగి, "ఐవీఎఫ్ మేడమ్. ఇంటి ఖర్చులని రాయండి" అంది. అలాగే రాశాను. డబ్బులు అకౌంట్లో పడ్డాయని చెప్పాక కూడా ఆమె కదల్లేదు. "ఇది మూడోది. ఎన్నిసార్లని పెట్టాలి మేడమ్?" అంది.

నా సంగతి ఆమెకి తెలియదు. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబుంది. వెనక లైన్లో నలుగురున్నారు, నోరు పెగల్లేదు. తలూపి ఊరుకున్నాను. ఆ రోజు చెప్పలేనిది ఇప్పుడు రాస్తున్నాను.

మాకు 2012లో పెళ్ళైంది. అప్పుడు నాకు 27, మా ఆయనకి 31. 2016లో మొదటిసారి డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. మూడు ఐయూఐలు, అంటే వీర్యాన్ని గొట్టంతో గర్భసంచిలోకి ఎక్కించడం, అయ్యాయి. నాలుగు ఐవీఎఫ్‌లు, అంటే ఎగ్స్ బయటికి తీసి ల్యాబ్‌లో ఎంబ్రియోలు తయారుచేసి లోపల పెట్టడం, అయ్యాయి. ఒకసారి నెల తప్పాను, నిలవలేదు. మందులతో కలిపి 11 లక్షల పైన ఖర్చయింది. 2024లో ఆపేశాం. ఆపిన రోజుకి బ్యాంకులో డబ్బుంది. నాలుగో ఐవీఎఫ్‌లో తయారైన ఎంబ్రియోల్లో రెండు ఫ్రీజర్‌లో ఉన్నాయి. డాక్టర్ వద్దనలేదు. నాకింకా 40 నిండలేదు.

"డబ్బులైపోయాయి" అంటే అందరూ అర్థం చేసుకుంటారు. "డాక్టర్లు చేతులెత్తేశారు" అంటే అయ్యో పాపం అంటారు. "మాకిక చాలనిపించింది" అంటే మాత్రం ఎవరికీ మింగుడు పడదు. చాలనిపించడానికి వెనక ఇంకేదో ఉండే ఉంటుందని వెతుకుతారు. మొగుడూ పెళ్ళాలకి పడటం లేదేమో, ఆయనలో ఏదైనా లోపం బయటపడిందేమో అని. ఏమీ లేదు. చాలనిపించింది, అంతే. అది పూర్తి కారణమని నేను నమ్ముతున్నాను. దానికి తోడుగా ఇంకో కారణం చూపించాల్సిన పని ఏ ఆడదానికీ, ఏ మగాడికీ లేదు.

మా నాయనమ్మ చెల్లెలికి పిల్లల్లేరు. పుట్టలో పాలు పోసింది, మోపిదేవి వెళ్ళింది, చెట్టుకి ఊయల కట్టింది. ఆమెకి 35 ఏళ్ళు వచ్చేసరికి ఇంటివాళ్ళూ ఊరివాళ్ళూ ఇక లేరని ఒప్పేసుకున్నారు. బావగారి రెండో కొడుకుని పెంచుకుంది. ఆవిడ సుఖంగా ఉందని నేను అనను. పేరంటాల్లో ఆవిడ ఎక్కడ కూర్చునేదో, ఎంత త్వరగా లేచి వచ్చేసేదో మా అమ్మ చెప్పేది. కానీ ఎప్పుడు ఆపాలన్నది ఆవిడ తేల్చుకోవాల్సి రాలేదు. దారి దానంతట అదే అయిపోయింది.

1978 జులై 25న ఇంగ్లండ్‌లో మొదటి ఐవీఎఫ్ బిడ్డ పుట్టింది. అదే ఏడాది అక్టోబర్ 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ కృషితో ఇంకో పాప పుట్టింది. అప్పట్నుంచి ఆ దారికి చివర అనేది దూరంగా జరిగిపోతూ వచ్చింది. ఐయూఐ కాకపోతే ఐవీఎఫ్. అది కాకపోతే వీర్యకణాన్ని సూదితో నేరుగా ఎగ్‌లోకి ఎక్కించే ఇక్సీ. మన ఎగ్స్ బాలేకపోతే దాత ఎగ్స్. గర్భసంచి ఒప్పుకోకపోతే సరోగసీ. వీటివల్ల ఎన్ని లక్షల ఇళ్ళలో ఊయలలు కట్టారో నాకు తెలుసు. మా ఆడపడుచుకి కవలలు ఐవీఎఫ్‌తోనే పుట్టారు. నేను ఈ వైద్యానికి శత్రువుని కాదు. ఒక్క సంగతి మాత్రం చూశాను. ఈ వైద్యంలో ఆగమని చెప్పే మనిషి ఎవరూ ఉండరు.

ప్రతి ఓటమీ తర్వాతి ప్రయత్నానికి ఒక కారణం ఇచ్చి వెళ్తుంది. మొదటిసారి ఆరు ఎగ్సే వచ్చాయి, ఇంజెక్షన్ డోస్ మారుద్దామన్నారు. రెండోసారి ఎగ్స్ బాగానే వచ్చాయి, గర్భసంచి లోపలి పొర సరిగ్గా లేదన్నారు. మూడోసారి నెల తప్పి పోయింది కాబట్టి, నెల తప్పగలనని రుజువైందన్నారు. నాలుగోసారి అన్నీ బాగున్నాయి, ఎందుకు నిలవలేదో తెలియదు, కాబట్టి ఈసారి నిలవొచ్చన్నారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. నా కేసు కాగితాల మీద మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒకటే మాట ఉంది: కారణం తెలియని సంతానలేమి. ఆయన రిపోర్టులు నార్మల్, నావీ నార్మల్. ఫలానా చోట తలుపు మూసుకుపోయిందని ఎవరైనా చూపిస్తే వెనక్కి తిరిగేదాన్నేమో. నాకు మూసిన తలుపు కనపడలేదు.

2019 మార్చిలో, రెండో ఐవీఎఫ్ ముందు, గర్భసంచి లోపలి పొరని సన్నటి గొట్టంతో కొంచెం గీకారు. అలా గీకితే ఎంబ్రియో బాగా అతుక్కుంటుందని చెప్పారు. ప్రాణం పోయినంత నొప్పి. దానికి విడిగా బిల్లు. అంతకు రెండు నెలల ముందే న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో 1,364 మంది మీద చేసిన పరీక్ష వచ్చిందని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. గీకించుకున్నవాళ్ళలో బిడ్డ పుట్టింది 26.1 శాతం మందికి. గీకించుకోనివాళ్ళలో కూడా సరిగ్గా 26.1 శాతం. ఆ సంగతి ముందే తెలిసినా నేను గీకించుకునేదాన్నే. అప్పుడు నా స్థితి అది. ఏదైనా సరే, ఇంకొకటి చేయనివ్వండి అన్న స్థితి. 2025 జులైలో సికింద్రాబాద్‌లో సరోగసీ పేరుతో జరిగిన మోసం బయటపడ్డప్పుడు మా బ్రాంచిలో అందరూ "అన్ని లక్షలు పోసి అంత గుడ్డిగా ఎలా నమ్మారు?" అన్నారు. ఎలా నమ్ముతారో నాకు తెలుసు. ఆపలేని స్థితిలో ఉన్నప్పుడు ఎవరే కాగితం పెట్టినా సంతకం చేస్తాం. నేనూ చేసేదాన్ని.

ఇంజెక్షన్ల గురించి కొంచెం చెప్పాలి. తెలియనివాళ్ళు ఐవీఎఫ్ అంటే ఆపరేషన్ లాంటిదనుకుంటారు, ఒక రోజు వెళ్ళి చేయించుకుని వచ్చేదని. మా ఫ్రిజ్‌లో గుడ్లు పెట్టే అరలో ఆరేళ్ళు గుడ్లు లేవు. ఇంజెక్షన్ పెన్నులుండేవి. పీరియడ్ రెండో రోజు స్కాన్, ఆ రోజు నుంచే ఇంజెక్షన్లు. రాత్రి 8 గంటలకి బొడ్డుకి రెండు వేళ్ళ దూరంలో, ఒక రోజు కుడివైపు, ఒక రోజు ఎడమవైపు. కొన్ని రోజులయ్యాక పొద్దున్న కూడా ఒకటి. రోజు విడిచి రోజు స్కాన్. ఎగ్స్ తీసే ముందు, వాటిని పక్వం చేసే ట్రిగ్గర్ ఇంజెక్షన్ నిమిషాలు లెక్కపెట్టి వేసుకోవాలి, ఎందుకంటే సుమారు 36 గంటల తర్వాత ఎగ్స్ తీస్తారు. ట్రాన్స్‌ఫర్, అంటే ఎంబ్రియోని లోపల పెట్టడం, అయ్యాక గర్భం నిలవడానికి నూనె ఇంజెక్షన్లు, పిరుదుల మీద, రోజూ. ఆ నూనె ఒక పట్టాన కరగదు, గడ్డలు కడుతుంది. వేణ్ణీళ్ళ కాపడం పెట్టుకుని, పొద్దున్నే బ్యాంకుకి వెళ్ళి కౌంటర్‌లో ఒక పక్కకి ఒరిగి కూర్చునేదాన్ని. నడుం నొప్పి అని చెప్పేదాన్ని. నాలుగేళ్ళు మా బ్రాంచిలో నన్ను నడుం నొప్పి మనిషిగానే చూశారు.

ఆ తర్వాత 14 రోజులు. చివర బీటా టెస్ట్, గర్భం వచ్చిందో లేదో చెప్పే రక్తపరీక్ష. పొద్దున్న రక్తం ఇస్తే మధ్యాహ్నం రెండింటికి రిపోర్టు ఫోన్‌కి వస్తుంది. నగలు తూకం వేస్తూ ఆ రిపోర్టు చూసిన రోజులున్నాయి. 5 కన్నా తక్కువుంటే లేదని. నాకు మూడుసార్లు 5 కన్నా తక్కువ వచ్చింది. 2021లో ఒక్కసారి 142 వచ్చింది. రెండ్రోజులాగి చేస్తే 310. మా ఆయన ఆ రెండు నంబర్లూ క్యాలెండర్ మీద పెన్సిల్‌తో రాశారు. ఏడో వారం స్కాన్‌లో గుండె కొట్టుకోవడం లేదు. ఇంకో వారం ఆగి చూద్దామన్నారు. ఆ వారం అంతా నూనె ఇంజెక్షన్లు వేయించుకుంటూనే ఉన్నాను.

ఇదంతా జాలి కోసం చెప్పడం లేదు. "ఇంకొక్కసారి చూడండి" అనేవాళ్ళకి ఆ ఒక్కసారిలో ఎన్ని రోజులుంటాయో తెలియాలని చెప్తున్నాను.

మా అత్తగారిది తూర్పుగోదావరి. 2019 సెప్టెంబర్‌లో అదే జిల్లాకి చెందిన, 70 ఏళ్ళు దాటిన ఒకావిడ గుంటూరులో ఐవీఎఫ్ ద్వారా కవలల్ని కన్నారు. అన్ని టీవీల్లోనూ వచ్చింది. ఆ రాత్రే అత్తయ్య ఫోన్ చేశారు. "చూశావా అమ్మాయ్? ఆవిడకే పుట్టారు. నీకెందుకు పుట్టరు? దిగులు పెట్టుకోకు." ధైర్యం చెప్పడానికే చేశారు, నాకు తెలుసు. ఫోన్ పెట్టేశాక మంచం మీద కూర్చుని లెక్క వేశాను. ఆవిడ వయసు దాకా అంటే నాకింకా దాదాపు 40 ఏళ్ళు. 40 ఏళ్ళు ఇదే చేయాలా? తర్వాత 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన ఏఆర్‌టీ చట్టం, ఈ సంతాన వైద్యానికి నియమాలు పెట్టే చట్టం, ఆడవాళ్ళకి 50, మగవాళ్ళకి 55 ఏళ్ళు నిండకూడదని హద్దు పెట్టింది. ఆ హద్దు చదివినప్పుడు చాలామందికి కోపం వచ్చిందట. నాకు మాత్రం ఎవరో నా భుజం మీద చెయ్యి వేసినట్టనిపించింది. ఎక్కడో ఒకచోట అంతు ఉందని మొదటిసారి కాగితం మీద చూశాను.

2023 నవంబర్‌లో నాలుగో ఐవీఎఫ్ పోయింది. ఫ్రీజర్‌లో ఉన్న రెండిటినీ 2024 మేలో పెడదామన్నారు. ఏప్రిల్ 19న చిలుకూరు బాలాజీ గుడిలో పిల్లల్లేనివాళ్ళకి గరుడ ప్రసాదం ఇస్తారని ఫోన్లలో మెసేజీలు తిరిగాయి. మా అమ్మ పోరితే లీవు పెట్టి బయల్దేరాం. అప్పా జంక్షన్ దాటాక కారు కదల్లేదు. ముందూ వెనకా కార్లే. ఆ రోజు ఆ ట్రాఫిక్ పేపర్లలో కూడా వచ్చింది, గుర్తుండే ఉంటుంది. మొదటి గంట నేను విసుక్కుంటూ కూర్చున్నాను. తర్వాత చూడటం మొదలుపెట్టాను. ప్రతి కారులోనూ ఒక జంట. వెనక సీట్లో ఎక్కడా పిల్లల్లేరు.

మా పక్కన ఒక తెల్ల కారు ఆగి ఉంది. అందులో అమ్మాయి ఒళ్ళో చిన్న నీలం రంగు సంచి. అది ఏం సంచో నాకు చూడగానే తెలిసింది. ఐస్ ప్యాక్ పెట్టి ఇంజెక్షన్లు తీసుకెళ్ళే సంచి. అలాంటిదే మా ఇంట్లో ఉంది. ఆమె వాచీ చూసుకుంది. అతను వెనక్కి తిరిగి ఆమె చున్నీ తీసుకుని కిటికీకి అడ్డంగా పట్టుకున్నాడు. చున్నీ పల్చనిది. ఆమె కుర్తా అంచు పైకి లాగి, పళ్ళతో సూది మూత తీసి, ఇంజెక్షన్ వేసుకుంది. వేసుకున్నాక తల సీటుకి ఆనించి కళ్ళు మూసుకుంది. అతను చున్నీ అలాగే పట్టుకుని ఉన్నాడు. నేను చూస్తున్నానని అతను చూశాడు. తల తిప్పుకోలేదు. నేనూ తిప్పుకోలేదు.

మేము గుడి దాకా వెళ్ళలేకపోయాం. మధ్యాహ్నం ఎలాగో కారు తిప్పుకుని ఇంటికొచ్చేశాం. దారిలో ఇద్దరం మాట్లాడుకోలేదు.

మే నెలలో పీరియడ్ రెండో రోజు సెంటర్‌కి ఫోన్ చేసి చెప్పాలి. చెప్తే టాబ్లెట్లు మొదలుపెట్టమంటారు. రెండో రోజు ఫోన్ చేయలేదు. పని ఎక్కువైందనుకున్నాను. మూడో రోజూ చేయలేదు. నాలుగో రోజు రాత్రి అన్నం తింటుంటే మా ఆయన అడిగారు: "ఫోన్ చేశావా?" "లేదండీ." కాసేపాగి, "సరే, ఈ నెల వద్దులే" అన్నారు. జూన్‌లోనూ అంతే. ఈసారి ఆయన అడగలేదు. జులైలో ఒక ఆదివారం బట్టలు ఆరేస్తుంటే బాల్కనీలోకి వచ్చి నిలబడ్డారు. "ఒక మాట చెప్పనా? కోప్పడొద్దు" అన్నారు. చెప్పమన్నాను. "రెండోదానికే నాకు వద్దనిపించింది. నువ్వు అంత కష్టపడుతుంటే నేను వద్దంటే... నీకు నా మీద నమ్మకం పోతుందేమోనని ఊరుకున్నాను."

నేను తడి టవల్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మూడోది పోయినప్పుడే నాకూ అనిపించింది. ఆయన క్యాలెండర్ మీద రాసుకున్న ఆ రెండు నంబర్లు చూసి, ఈయనకోసం ఇంకోసారి చేయాలనుకున్నాను. ఆయన నాకోసం, నేను ఆయనకోసం. నాలుగోది మొత్తం అలా నడిచింది. ఎగ్స్ తీయడం, మత్తు, నూనె ఇంజెక్షన్లు, మూడు లక్షలు. ఆ సైకిల్ మా ఇద్దరిలో ఎవరికీ అక్కర్లేదు.

దీన్ని తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పినట్టవుతుంది. మేము మంచి మొగుడూ పెళ్ళాలమే. ఒకరినొకరం అడగలేదు, అంతే. తర్వాత ఇదే దారిలో ఉన్న ఇద్దరు ముగ్గురితో మాట్లాడాను. ఒక్కొక్కరిదీ ఇదే కథ. అమ్మకోసం చేస్తున్నామనేవాళ్ళు, అత్తగారికోసం, ఆయనకోసం, ఆమెకోసం. తనకోసం చేస్తున్నానని చెప్పడానికి ఒక్కరికీ మాట త్వరగా రాలేదు.

అంకెల మాట అడుగుతారని తెలుసు. నేనూ రాత్రుళ్ళు కూర్చుని చదివాను. 2015లో జామా అనే వైద్య పత్రికలో బ్రిటన్‌కి చెందిన 1,56,947 మంది ఆడవాళ్ళ ఐవీఎఫ్ వివరాలు విశ్లేషించారు. మొదటి సైకిల్‌లో బిడ్డ పుట్టే అవకాశం 29.5 శాతం. ఆరో సైకిల్ పూర్తయ్యేసరికి అన్నీ కలిపి 65.3 శాతం. మధ్యలో మానేసినవాళ్ళు కొనసాగి ఉంటే ఎంతమందికి పుట్టేవారో కూడా అంచనా వేసి కట్టిన లెక్క అది. నాలుగు దగ్గర ఆపిన నాకు ఆ అంకె గుచ్చుకోవాలి. కొన్నాళ్ళు గుచ్చుకుంది కూడా. సొంత ఎగ్స్‌తో 40 నుంచి 42 ఏళ్ళ మధ్య చేసుకున్నవాళ్ళకి ఆరు సైకిళ్ళకి 31.5 శాతమే అని అదే పేపర్‌లో ఉంది. దాన్ని చూపించి నన్ను నేను సమర్థించుకోవచ్చు. సమర్థించుకోను, ఎందుకంటే నా ఎంబ్రియోలు నాకు 38 ఏళ్ళప్పుడు తయారైనవి. అవకాశం ఉంది. అవకాశం ఉందని తెలిసే ఆపాను. ఆ అంకె ఎంతమందికి బిడ్డ పుడుతుందో చెప్తుంది. ఆ బిడ్డ కోసం నేను ఇంకెన్నేళ్ళు ఒక పక్కకి ఒరిగి కూర్చోవాలో, కూర్చోగలనో, అది ఏ పత్రికా చెప్పదు. చెప్పగలిగింది నేనొక్కదాన్నే.

మా డాక్టర్ మంచావిడ. ఆఖరుసారి కలిసినప్పుడు సూటిగా అడిగాను, "మేడమ్, ఆపేయమంటారా?" అని. ఆవిడ కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. "చాన్స్ ఉన్నంతవరకూ నా నోటితో ఆపమనలేనమ్మా. ఆపుతానంటే మాత్రం నేను కాదనను" అన్నారు. అంతకన్నా నిజాయితీగా ఎవరూ చెప్పలేదు.

మనవాళ్ళకి ఒక సామెత ఉంది, పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలని. మా అమ్మ ఈ మాట కనీసం పదిసార్లు అనుంటుంది. 11 లక్షలు పెట్టారు, ఐవీఎఫ్‌లకే ఆరేళ్ళు పెట్టారు, ఇప్పుడు వదిలేస్తే అదంతా వృథాయే కదా అని. బ్యాంకులో పనిచేస్తున్నదాన్ని, నాకు ఈ సామెత ఎంతమందిని ముంచిందో తెలుసు. పోయిన డబ్బు వెనక ఇంకో అప్పు చేసి పంపినవాళ్ళని రోజూ చూస్తాను. పోయిన ఆరేళ్ళు వృథా కాదని నిరూపించడానికి ఏడో ఏడు పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. ఆ ఆరేళ్ళు ఎలాగూ మావే. మేం చేయగలిగింది చేశాం.

నెదర్లాండ్స్‌లో ఐవీఎఫ్ చేయించుకున్న 7,148 మంది ఆడవాళ్ళని 11 నుంచి 17 ఏళ్ళ తర్వాత పలకరించి, 2014లో ఒక పరిశోధన ప్రచురించారు. అన్నేళ్ళ తర్వాత కూడా పిల్లలు కావాలన్న కోరిక వదలనివాళ్ళలో మానసిక సమస్యలు 2.8 రెట్ల దాకా ఎక్కువగా కనిపించాయట. కోరిక వదలక బాధా, బాధవల్ల కోరిక వదలదా, అది అలాంటి లెక్కల్లో తేలదు. కానీ నాకు అందులో దొరికింది వేరు: అలా వదలనివాళ్ళు మొత్తంలో 6 శాతమే. అంటే ఎక్కువమంది, పిల్లలు పుట్టనివాళ్ళలో కూడా చాలామంది, ఎక్కడో ఒకచోట ఆ కోరికని కింద పెట్టగలిగారు. ఆపేస్తే జీవితాంతం కుమిలిపోతానని నన్ను ఎంతమంది భయపెట్టారో.

ఆరు చేయించుకుని ఏడోదానికి బిడ్డని ఎత్తుకున్నావిడ నాకు తెలుసు. ఆమె ఆరో దగ్గర ఆపి ఉంటే అని ఆలోచిస్తాను. ఆమెకి ఏడు సరైన సంఖ్య. నాకు నాలుగు కూడా ఎక్కువే అయ్యాయి. అందుకే ఎన్ని చేసుకోవాలో నేను చెప్పను. కొత్త సైకిల్ మొదలుపెట్టే ముందు, బీటా పోయిన వారంలో కాకుండా, డాక్టర్ కొత్త ఆశ చెప్పిన వారంలో కాకుండా, మామూలు రోజున, ఇద్దరూ విడివిడిగా ఒక కాగితం మీద రాసుకోండి. ఎదుటివాళ్ళు ఏమనుకుంటారన్నది తీసేస్తే, నాకు ఇది ఇంకా కావాలా? రాసుకుని మార్చుకోండి. మేం ఆ పని 2021లో చేసి ఉండాల్సింది.

దత్తత గురించి ప్రతివాళ్ళూ చెప్తారు. ఇది కాకపోతే అది అన్నట్టు. రెండేళ్ళలోపు బిడ్డ కావాలంటే దంపతులిద్దరి వయసూ కలిపి 85 దాటకూడదని, దత్తతల్ని చూసే కేంద్ర సంస్థ కారా నిబంధన. మేం ఆపిన రోజున మా ఇద్దరిదీ కలిపి 82. ఇప్పుడు 86. అంటే పసిబిడ్డ దారి మూసుకుపోయింది. రెండు నుంచి నాలుగేళ్ళ బిడ్డకైతే 90 దాకా అవకాశముంది. తెలిసే ఆలస్యం చేశాం. ఐవీఎఫ్ పోయిన దుఃఖం ఆరకముందే ఒక బిడ్డని తెచ్చి ఆ దుఃఖం మీద కూర్చోబెట్టడం ఆ బిడ్డకి అన్యాయమనిపించింది. ముందు ముందు ఏమో, చూడాలి.

ఇక ఆ రెండు. సెంటర్‌లో అందరూ ఎంబ్రియోలంటారు. మన భాషలో పిండాలు. ఈ మాట నన్ను చాలా రోజులు పట్టి ఉంచింది. కడుపులో పడేదీ పిండమే, పోయినవాళ్ళకి పెట్టేదీ పిండమే. అత్తయ్య భయమంతా రెండోదాని గురించి. ఆపేశామని 2025 సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు చెప్పాం. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. అరిసెల పిండి కలుపుతూనే ఉన్నారు. చివరికి కొడుకుతో, "మరి మీరు పోయాక మీకెవర్రా?" అన్నారు. ఆయన దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. నేను ఆవిడ పక్కన కూర్చుని పిండి ముద్దలు చేశాను. ఆవిడ నన్ను ఏమీ అనలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర నాకు రెండోసారి నెయ్యి వడ్డించారు.

చట్టం ప్రకారం ఎంబ్రియోలని పదేళ్ళకి మించి దాచకూడదు. అంతదాకా ఏటా డబ్బు కట్టాలి. ఈ ఏడాది రెన్యువల్ మెసేజ్ వచ్చినప్పుడు ఇద్దరం కలిసి వెళ్ళాం. ఫారంలో మూడు గడులున్నాయి: కొనసాగించడానికి, పరిశోధనకి ఇవ్వడానికి, నశించనివ్వడానికి. ఇద్దరి సంతకాలూ కావాలి. నేను పరిశోధన దగ్గర టిక్ పెట్టాను. ఆయన చదివి తలూపి, నా సంతకం కింద తన సంతకం పెట్టారు. రిసెప్షన్‌లో అమ్మాయి కాగితం తీసుకుని, "ఇంకేమైనా కావాలా మేడమ్?" అంది. వెయిటింగ్ హాల్‌లో కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. ఒకామె ఒక పక్కకి ఒరిగి కూర్చుంది. లేచి వెళ్ళేటప్పుడు నా కుర్చీ ఆమె వైపు జరిపి, నా దగ్గరున్న శాలువా మడత పెట్టి దాని మీద వేశాను. "ఇలా వేసుకుంటే నొప్పి కాస్త తగ్గుతుందమ్మా" అన్నాను.

పోయిన నెల రెండు పేటల గొలుసు మళ్ళీ వచ్చింది. ఈసారి తాకట్టుకి కాదు, విడిపించుకోవడానికి. ఏమైందని అడగలేదు. కడుపుతో ఉందో, ఆపేసిందో తెలియదు. లాకర్ నుంచి తెచ్చి, తూకం చూపించి, చేతికిచ్చాను. ఆమె అక్కడే మెడలో వేసుకుంది. కొక్కెం పడలేదు. అప్పుడు పక్కనున్న ఆమె భర్త వెనక్కి వెళ్ళి, జడ పక్కకి తప్పించి, రెండు చేతులతో కొక్కెం పెట్టాడు. "ఆయన్ని అడిగావా, ఎన్నిసార్లు పెట్టాలో?" అన్నాను మెల్లగా. ఆమె ఒక్క క్షణం నన్ను చూసింది. "అడిగాను మేడమ్" అంది.